ముందు ఖర్చు తగ్గించాలా, రాబడి పెంచాలా? బరంపురం ఊరగాయల వ్యాపారంపై చర్చ

ప్రశ్న అడిగినవారు: ఊరగాయల తయారీదారు, బరంపురం (ఒడిశా)

మా అమ్మ మొదలుపెట్టిన ఊరగాయలు, అప్పడాల వ్యాపారాన్ని నేనూ మా తమ్ముడూ మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో నడుపుతున్నాం. కొనేవారిలో ఎక్కువమంది విశాఖ, హైదరాబాదు, భువనేశ్వర్‌లలో ఉండే తెలుగువారు. ఆర్డర్లకు లోటు లేదు, కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ నిలవడం లేదు. అరకిలో ఆవకాయ సీసాను 280 రూపాయలకు అమ్ముతున్నాం. సరుకు, కూలి 95, గాజు సీసా 28, అట్టపెట్టె 17, కొరియరు 105, ఆన్‌లైన్ అమ్మకపు వేదిక పట్టుకునేది 27, మొత్తం 272 అవుతుంది. మిగిలిన 8 రూపాయల్లోనే పగిలిన సీసాల నష్టం కూడా భరించాలి. నూనె కొంచెం తగ్గించి, పనిచేసే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరిని మానిపిద్దామని తమ్ముడు అంటున్నాడు. ప్రకటనలకు పదివేలు పెట్టి ఆర్డర్లు పెంచుదామని నేను అంటున్నాను. పార్శిలు తూకం 950 గ్రాములు, పెట్టె కొలత 20, 18, 16 సెంటీమీటర్లు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చిల్లర వ్యాపారి, పర్లాకిమిడి

నేను మీ పక్షమే. ఆర్డర్లు పెరిగితే సీసాలు టోకు ధరకు వస్తాయి, కొరియరు వారితో ధర మాట్లాడే బలం కూడా వస్తుంది. ఉన్న కొద్దిపాటి ఖర్చుల్లో కోత పెట్టుకుంటూ కూర్చుంటే వ్యాపారం అక్కడే ఆగిపోతుంది.

జమాఖర్చులు రాసే ఉద్యోగి, గుణుపురం

పర్లాకిమిడి మిత్రుని మాటతో నేను ఏకీభవించలేను. సీసాకు 8 రూపాయలు మిగిలేచోట ప్రకటనలకు పెట్టిన పదివేలు తిరిగి రావాలంటేనే అదనంగా 1,250 సీసాలు అమ్మాలి. అన్ని సీసాలు నింపి, మూతలు బిగించి, పెట్టెల్లో సర్దిన శ్రమకు అప్పటికీ ఒక్క రూపాయి దక్కదు.

అసలు ఆ 8 రూపాయలు నిజమేనా అన్నది నా మొదటి సందేహం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఊరగాయలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ 280 ధరలో పన్ను కలిసే ఉంటే అందులో 13 రూపాయల 33 పైసలు ప్రభుత్వానివి, అవి మీ లెక్కలో కనిపించడం లేదు. అవి తీసేస్తే సీసాపై నష్టమే తేలుతుంది. అయితే కొరియరు బిల్లు 105లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటే, దాదాపు 16 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, మీకు తిరిగి రావాలి. (అప్పడాలకు పన్ను లేదు కాబట్టి వాటి పార్శిళ్లపై ఈ క్రెడిట్ రాదు.) అలాగే వేదిక పట్టుకునే 27లో టీసీఎస్ (మీ పేర ముందుగా పట్టే జీఎస్టీ), టీడీఎస్ (ముందుగా పట్టే ఆదాయపు పన్ను) ఉంటే అవి ఖర్చు కావు. టీసీఎస్ 2024 జూలై 10 నుంచి అర శాతం, టీడీఎస్ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. రెండూ కలిసి సీసాకు రూపాయిన్నర పైచిలుకు ఉంటాయి, రిటర్నులు సరిగా వేస్తే మీ ఖాతాకే చేరతాయి.

సరిహద్దున ఉన్న మనకు మరో చిక్కు ఉంది. ఆంధ్రలోని ఇచ్ఛాపురం మనకు పక్క ఊరిలాంటిదే అయినా, అక్కడికి పంపే సీసా రాష్ట్రం దాటిన సరుకే. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాలపై తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారు రాష్ట్రం బయటికి సరుకు అమ్మకూడదు. అందుచేత మీరు సాధారణ రిజిస్ట్రేషన్‌లోనే ఉండి, ప్రతి బిల్లుపై క్రెడిట్ రాబట్టుకోవాలి.

ఇక కొరియరు సంగతి. వారు తూకాన్నీ, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను హెచ్చించి 5,000తో భాగిస్తే వచ్చే బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. మీ పెట్టెకు ఆ లెక్క 1.15 కిలోలు, అరకిలో మెట్ల చొప్పున చూస్తే కిలోన్నర. అంటే మీరు ఖాళీ చోటుకు కిరాయి కడుతున్నారు. 16, 14, 14 కొలతల పెట్టె అయితే ఆ లెక్క 0.63 మాత్రమే వస్తుంది, అప్పుడు అసలు తూకానికే, కిలో మెట్టులోనే, ధర పడుతుంది. ముందు కోయవలసింది ఈ ఖర్చు, ఆ తరువాతే ప్రకటనలు.

పట్టు నేత కుటుంబం, బరంపురం

అమ్మా, నూనె జోలికి మాత్రం వెళ్లకండి. పట్టు ధర పెరిగిన ఒక ఏడాది మేము పడుగు (నిలువు పోగులు) అలాగే ఉంచి, పేకకు (అడ్డు పోగులకు) తక్కువ రకం పట్టు వాడాం. మా బరంపురం పట్టుచీరలకు గుర్తైన ఫోడా కుంభ అంచు ఎప్పటిలాగే ఉంది, ఫోటోలో తేడా ఎవరికీ తెలియలేదు. రెండో ఏటికే చీరలు మడతల దగ్గర చీలడం మొదలైంది. ఏటా పెళ్లిళ్లకు మా దగ్గరే కొనే నాలుగు కుటుంబాలు ఆ తరువాత మా గడప తొక్కలేదు. ఆవకాయ ముక్క మీద నూనె తేలకపోతే బూజు పడుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. పాళ్లు తెలిసిన చేతులను మానిపించడమూ అలాంటిదే. మే నెలలో కాయ దిగినప్పుడు అలాంటి మనిషిని మళ్లీ ఎక్కడ వెతుకుతారు?

చిల్లర వ్యాపారి, పర్లాకిమిడి

పన్ను లెక్క నేను గమనించలేదు, ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా రాబడి పెంచడమంటే ప్రకటనలు ఒక్కటే కాదు కదా. ఒకే పెట్టెలో ఆవకాయ, మాగాయ రెండూ పంపితే కొరియరు ఖర్చు రెండు సీసాల మీద పడుతుంది. భువనేశ్వర్, కటక్‌లలో ఒడియా వారు వీటిని ‘ఆచార’ అని వెతుకుతారు, ఆ పేరు మీ పేజీలో ఉందా?

ప్రశ్న అడిగినవారు

లేదు, ఈ రోజే చేర్చాను. నిన్న రాత్రి చిన్న పెట్టెల్లో పది సీసాలు సర్ది, నడుమెత్తు నుంచి జారవిడిచాం. ఒకటి అడుగున పగిలింది, కాబట్టి కింద అట్ట రెండు పొరలు వేయాలి. అది వేశాక కూడా తూకం 980 గ్రాములు దాటలేదు. ఈ కొలతకు కొరియరు వారు 80 చెప్పారు, అంటే సీసాకు 25 రూపాయలు తగ్గుతుంది. జీఎస్టీ బిల్లులన్నీ తమ్ముడు బయటికి తీశాడు, పాత క్రెడిట్ ఎంతవరకు అడగవచ్చో గుణుపురం వారు చెబితే మేలు. ఇద్దరు ఆడవాళ్లూ పనిలోనే ఉంటారు. నూనె విషయంలో తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, కానీ కొలిచి పోసేది నేనే.