సంఘ పెద్దే డబ్బు ఎగ్గొడితే కోర్టుకి వెళ్లొచ్చా? విశ్వాసుల మాట కావాలి

కూర్మన్నపాలెం_అమ్మ

అందరికీ వందనాలు. మావారు స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీలోంచి ఏడు లక్షలు మా సంఘ పెద్దల్లో ఒకాయనకి ఇచ్చాం. కూతురి పెళ్లి, స్థలం అమ్మగానే తీర్చేస్తానన్నాడు. ప్రోనోటు రాసి రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టాడు. స్థలం అమ్మాడు, ఆ డబ్బుతో మధురవాడలో ఫ్లాటు కొన్నాడు. మొదట్లో అడిగితే "వచ్చే నెల అక్కా" అనేవాడు, ఇప్పుడు ఫోనే ఎత్తడు. విచారిస్తే సంఘంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ల దగ్గర కూడా ఇలాగే తీసుకున్నాడని తెలిసింది. ఇద్దరూ భర్త పోయినవాళ్లే.

మా సంఘ కాపరి అయ్యగారికి చెప్పుకున్నాం. ప్రార్థన చేశారు. "కోర్టుకీ స్టేషనుకీ పోవద్దమ్మా, అన్యుల ముందు ప్రభువు నామానికి అవమానం" అన్నారు. అంతే.

మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఆ మనిషే తెల్లచొక్కా వేసుకుని చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకుని వరసల మధ్య వస్తున్నాడు. నా ముందు పళ్లెం వంచాడు గానీ నా మొహం చూడలేదు. గ్లాసు తీసుకున్నాను, గొంతు దిగలేదు. పక్కనున్న మా అబ్బాయి తీసుకోకుండా లేచి బయటికి నడిచాడు. ఆ రోజు నుంచీ వాడు మందిరానికి రావడం లేదు. "ఆయన చేతి మీదుగా వచ్చే దేవుడు నాకొద్దమ్మా" అంటున్నాడు.

నేను ప్రభువుని వదల్లేదు, వదలను. కానీ నోటు రాసి మూడేళ్లు కావస్తోంది, కాలదోషం పట్టేస్తుందంటున్నారు. దావా వేస్తే వాక్యం మీరినట్టా? దయచేసి వాక్యంతో చెప్పండి.

బెరయ_సీతమ్మధార

అమ్మా, వందనాలు. మీ బాధ చదివి మనసు కలత చెందింది. అయినా వాక్యంతో చెప్పమన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదటి కొరింథీ పత్రిక ఆరో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఈ విషయమే మాట్లాడాడు. సహోదరుడి మీద సహోదరుడు అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడటమే ఓటమి అన్నాడు. అంతకంటే అన్యాయం సహించడం మేలు కాదా, సొత్తు పోనివ్వడం మేలు కాదా అని అడిగాడు. హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో ఆస్తి దోచుకుంటుంటే సంతోషంతో ఓర్చుకున్న విశ్వాసుల మాట ఉంది. ఇవి సులువైన మాటలని నేను అనడం లేదు. ఏడు లక్షలంటే రిటైరైనవాళ్లకి ఎంతో నాకు తెలుసు. కానీ వాక్యం మనకి అనుకూలంగా ఉన్నచోటే పాటిస్తే దాన్ని విశ్వాసం అనలేం. ఆయన్ని ప్రభువుకి అప్పగించండి. అలెగ్జాండరు అనే కంచరివాడు చాలా కీడు చేశాడని రాసిన పౌలు, ప్రతిఫలం ప్రభువే ఇస్తాడని వదిలేశాడు.

గాజువాక_సునీల్

బెరయ గారూ, మా ఇంట్లో సరిగ్గా మీరు చెప్పినట్టే చేశారు. మా నాన్న షీలానగర్‌లో స్థలం కోసం కూడబెట్టిన డబ్బు ఒక బ్రదర్ చీటీల్లో పోయింది. రిజిస్ట్రేషన్ లేని చీటీ. పాస్‌బుక్ కూడా లేదు, ఒక నోట్‌బుక్‌లో నెలనెలా టిక్కులు, అంతే. సంఘం నోరు మెదపలేదు. నాన్న ప్రభువుకి అప్పగించాడు. ఆ బ్రదర్ మాత్రం ఆగలేదు, ఇంకో సంఘంలో చేరి మళ్లీ చీటీలు మొదలుపెట్టాడు. అక్కడ పోగొట్టుకున్నవాళ్ల పాపంలో మా మౌనానికి వాటా లేదంటారా?

నేను ఇప్పుడు ఏ మందిరానికీ పోవడం లేదు. ఆయన ఎగ్గొట్టినందుకు కాదు, మోసగాళ్లు ప్రతిచోటా ఉంటారు. "సర్దుకుపో తమ్ముడూ" అని మా నాన్న భుజం తట్టిన పెద్దలు, ఆ మనిషి భుజం మీద ఒక్కసారి కూడా చెయ్యి వేసి "ఇచ్చెయ్యి" అనలేదు. అది నేను మర్చిపోలేను. అమ్మా, మీ అబ్బాయిని బలవంతం చెయ్యకండి.

ఎన్‌ఏడీ_జాన్

ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. నోటు మీద వడ్డీ ఎంత? నిర్గమకాండం 22వ అధ్యాయంలో నా ప్రజల్లో బీదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టవద్దని ఉంది. మనమూ వడ్డీకి ఆశపడే ఇస్తాం కదా. అప్పుడు పూర్తి తప్పు ఎదుటివాడిదే అనడం ఎంతవరకు న్యాయం?

కూర్మన్నపాలెం_అమ్మ

నూటికి రూపాయి రాసుకున్నాం, మొదటి కొన్ని నెలలు ఇచ్చాడు. మావారి మందులకి పనికొస్తుందని తీసుకున్నాం.

భీమిలి_కాపరి

జాన్ బ్రదర్, ఆ వచనం బీదవాడి గురించి. మధురవాడలో ఫ్లాటు కొన్నవాడు బీదవాడు కాడు. అదే అధ్యాయం మొదట్లో ఏముందో కూడా చూడండి. ఎద్దుని దొంగిలించి అమ్ముకున్నవాడు ఐదు ఎద్దులు, గొర్రెకి నాలుగు గొర్రెలు ఇవ్వాలి. మోసపోయిన ముసలివాళ్ల దగ్గర వడ్డీ లెక్క తియ్యడం, మోసగించినవాడి దగ్గర అసలు లెక్క కూడా అడక్కపోవడం, ఇది మన సంఘాల్లో తరచూ జరుగుతోంది. నాకు చాలా బాధగా ఉంటుంది.

అమ్మా, నేను ఒక చిన్న సంఘం కాపరిని. మా వాళ్లలో ఎక్కువమంది చేపల పని చేసేవాళ్లు. ఒక వలకి, ఒక ఇంజనుకి ఒకరి దగ్గర ఒకరు అప్పు తీసుకుంటారు కాబట్టి ఈ తగవులు నాకు కొత్త కాదు. నా మాట ఇది. క్షమించడం వేరు, అప్పు వదులుకోవడం వేరు. మీరు ఆయన్ని ఈ రోజే క్షమించవచ్చు, రేపు పొద్దున్నే ఏడు లక్షలు అడగవచ్చు. రెండూ ఒకే హృదయంతో చెయ్యవచ్చు.

కొరింథీ ఆరో అధ్యాయాన్ని బెరయ గారు సగంలో ఆపారు. అన్యాయం సహించడం మేలు కాదా అన్న వెంటనే పౌలు అపహరించినవాళ్ల వైపు తిరిగాడు. మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే చేస్తున్నారు అన్నాడు. దానికి ముందు, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని అడిగాడు. అంటే సంఘం కూర్చుని తగవు తీర్చాలి. తీర్చకుండా కోర్టుకి పోవద్దని మాత్రం చెప్పే సంఘం ఆ వచనాన్ని బాధితుల మీద బండరాయిలా పెడుతోంది.

మత్తయి ఐదులో, అర్పణ తెచ్చినప్పుడు నీ మీద నీ సహోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. ఈ మాట ఎవరికి? బాకీ ఉన్నవాడికి. ఆ పళ్లెం కింద పెట్టాల్సింది ఆయన. మీరు గ్లాసు తీసుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. లేవీయకాండం ఆరులో కూడా వరస అదే. పొరుగువాణ్ని మోసగించినవాడు అసలుకి ఐదో వంతు కలిపి ఇచ్చేసి, ఆ తర్వాతే అర్పణ తేవాలి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే అతని ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. 1805లో విశాఖకి వచ్చిన లండన్ మిషన్ వాళ్లు ఈ ఊళ్లో కూర్చుని తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్లుగా ఈ మాటలు మన చేతిలో ఉన్నాయి. పెద్దలకి తెలియవని నేను అనుకోను.

మత్తయి పద్దెనిమిది ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లండి. మిగతా ఇద్దరు ఆడవాళ్లనీ తీసుకెళ్లండి. వినకపోతే సంఘానికి చెప్పమన్నాడు ప్రభువు. అయ్యగారి గదిలో కాదు, సంఘానికే. అక్కడా వినకపోతే అతణ్ని ఇక అన్యుడిగా ఎంచమన్నాడు. ఆ తర్వాత న్యాయాధికారి ఉన్నాడు, అతను కూడా దేవుని పరిచారకుడే అని రోమా పత్రిక పదమూడో అధ్యాయం చెప్తోంది.

బెరయ_సీతమ్మధార

కాపరి గారూ, మీ వరుసతో నాకు పేచీ లేదు. సంఘం ముందు పెట్టాలి, ఒప్పుకుంటాను. కానీ రోమా పదమూడుని ఇద్దరు విశ్వాసుల బాకీకి వాడటం సరికాదు. అలా అయితే కొరింథీయులకి ఆ మాట రాయాల్సిన పనే లేదు.

భీమిలి_కాపరి

పౌలు రోమా చక్రవర్తి కైసరు దగ్గరికి అప్పీలు చేసుకున్నాడు కదా బ్రదర్. ఫిలిప్పీలో కొట్టి చెరసాలలో వేసి, రహస్యంగా వెళ్లిపొమ్మంటే ఒప్పుకోలేదు. వాళ్లే వచ్చి బయటికి తీసుకురమ్మన్నాడు. గుట్టుగా సర్దేయడాన్ని ఆయన నిరాకరించాడు.

బెరయ_సీతమ్మధార

అది అధికారుల అన్యాయం మీద. సహోదరుడి మీద కాదు. ఇక్కడ మనం కలవలేం.

జగదాంబ_గుమస్తా

నమస్కారమండి. నేను క్రైస్తవుణ్ని కాదు, మీ గ్రంథం మీద మాట్లాడను. జీవితమంతా ప్లీడరు గుమస్తాగా జిల్లా కోర్టులోనే పనిచేశాను. అన్యులు నవ్వుతారని రాశారు కాబట్టి ఆ అన్యుల్లో ఒకడిగా చెప్తున్నాను. నోటు పట్టుకుని కోర్టు వరండాలో నిలబడిన పెద్దవాళ్లని చూసి ఎవరమూ నవ్వలేదమ్మా. మతం ఏదైనా, ముసలివాళ్ల సొమ్ము తిన్నవాణ్ని గుళ్లోనో మందిరంలోనో ముందు వరసలో నిలబెడితే, అప్పుడు జనం ఆ గుడి గురించీ మాట్లాడతారు.

ఇక పని విషయం. ప్రోనోటుకి దావా గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఈలోగా ఆయన ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు, అంటే ఇంత కట్టానని రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తుంది. గడువు దాటాక రాయించిన చెల్లుతో గడువు తిరిగి రాదు. స్టేషనుకి వెళ్తే మామూలుగా సివిల్ మేటరు అంటారు. అప్పు తీర్చకపోయినంత మాత్రాన చీటింగ్ కాదు, తీసుకున్నప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. ముగ్గురి దగ్గర ఒకేలా తీసుకున్నాడు కాబట్టి ఆ వివరాలు కూడా ప్లీడరుకి చెప్పండి.

మీరు అడిగినదానికి మధ్యే మార్గం ఒకటుంది. గడువులోపల దావా వేసి, దాన్ని లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. అక్కడ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఒప్పందం కుదిరితే అదే తీర్పు, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది. మీ ముగ్గురూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, అది కోర్టు ఆవరణలోనే ఉంది. ఆయన ఆ ఫ్లాటు అమ్మే ప్రయత్నంలో ఉన్నాడని తెలిస్తే ఆలస్యం చెయ్యకండి. తీర్పుకి ముందే జప్తు కోరే వీలుంది.

గాజువాక_సునీల్

గుమస్తా గారూ, ఈ మాటలు మా నాన్నకి ఆ రోజు ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేది.

కూర్మన్నపాలెం_అమ్మ

అందరికీ వందనాలు. రాత్రి 55వ కీర్తన చదివాను. నన్ను దూషించినవాడు శత్రువు కాడు, శత్రువైతే సహించేవాణ్ని, మందిరానికి నాతో కలిసి నడిచిన నా చెలికాడే అంటాడు దావీదు. అంత ఏడుపూ దేవుడి దగ్గరే ఏడ్చాడు. నేనూ అక్కడే ఏడుస్తాను, ఇంకెక్కడికీ పోను. బెరయ గారూ, మీరు కఠినంగా చెప్పినా నా ఆత్మ మంచి కోరి చెప్పారని తెలుసు. కానీ ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ల డబ్బు కూడా ఉంది. నాదైతే వదులుకునేదాన్నేమో, వాళ్లది వదిలే హక్కు నాకు లేదు.

ఈ వారం ముగ్గురం కలిసి ఆయన ఇంటికి వెళ్తాం. తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి చెప్తాం. నోటు గడువుకి ముందే దావా వేస్తాం, అది ఆయనకి ముందే చెప్తాం. మా అబ్బాయికి ఇదంతా చదివి వినిపించాను. "కోర్టుకి నేను తీసుకెళ్తాను, మందిరానికి మాత్రం అడక్కు" అన్నాడు. సరే అన్నాను.

జగదాంబ_గుమస్తా

మంచిదమ్మా. ఆయన ఇంటి దగ్గర మెత్తబడి ఎంతో కొంత ఇస్తానంటే, చెల్లు మీద తేదీ, అంకె, అక్షరాల్లో మొత్తం అన్నీ ఆయన చేతే రాయించండి. అసలు నోటు వెంట తీసుకెళ్లండి గానీ చేతికివ్వకండి. ముందు రెండు వైపులా జిరాక్సు తీయించుకోండి.