ఆవకాయ మానేస్తే మొటిమలు తగ్గుతాయా?

బ్రాడీపేట బ్యాక్‌బెంచర్: మూడు నెలలుగా మా అమ్మ ఆవకాయ, గొడ్డుకారం, ఊరమిరపకాయలు అన్నీ బంద్ పెట్టింది. గుంటూరులో పుట్టి ఉప్పేసుకుని పెరుగన్నం తింటున్నా. గడ్డం మీద మొటిమ ఒకటి మానేలోపు రెండు లేస్తున్నాయి, మానినచోట నల్లమచ్చ. కారానికీ వీటికీ నిజంగా సంబంధం ఉందా?

అరండల్‌పేట అమ్మమ్మ: వేడి చేస్తే రాక ఏమవుతాయి తల్లీ. మీ అమ్మ మంచి పనే చేసింది. సబ్జా గింజలు నానబెట్టి తాగు.

పటమట ఫార్మసిస్టు: సబ్జా తాగితే నష్టం లేదు అమ్మమ్మ గారూ. కానీ ఈ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో జిడ్డు ఎక్కువ ఊరుతుంది, రంధ్రం పూడుకుపోతుంది, లోపల బ్యాక్టీరియా పెరిగి వాస్తుంది. కారం వల్లే అని ఎక్కడా తేలలేదు. తిండిలో అనుమానించాలంటే ముందు తీపిని, మైదాని, కొందరికి పాలని అనుమానించాలి.

బ్రాడీపేట బ్యాక్‌బెంచర్: అయ్యో. చలవ చేస్తుందని అమ్మ రోజూ గ్లాసుడు బాదంపాలు పోస్తోంది, పంచదార దండిగా వేసి.

కృష్ణలంక కుర్రోడు: తిండి గోల వదిలెయ్. మచ్చల మీద నిమ్మచెక్క రుద్దు, చాలు.

సత్యనారాయణపురం అక్క: ఆ సలహా ఎవరికీ ఇవ్వకు తమ్ముడూ. నిమ్మరసం రాసుకుని మే నెల ఎండలో బండి మీద బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చా. మర్నాటికి చెంప కాలినట్టు ఎర్రబడింది, పాత మచ్చ కంటే పెద్దది మిగిలింది. బుద్ధి రాక ఒక మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకున్నా. పది రోజులు ముఖం పెళ్లికూతురి కళ! ఆపిన వారానికే మంట, ముఖం నిండా ఎర్రటి పొక్కులు. డాక్టరమ్మ ఆ ట్యూబు వెనక చిన్నక్షరాల మీద వేలు పెట్టి చదివించారు: మొమెటాసోన్. స్టెరాయిడట. 2018లోనే కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. నన్ను చీటీ అడిగినవాడు లేడు.

కృష్ణలంక కుర్రోడు: సరే అక్కా, డాక్టరు ఫీజులు మాలాంటి స్టూడెంట్లకి ఎలా కుదురుతాయి?

పటమట ఫార్మసిస్టు: అడగాల్సిన ప్రశ్నే. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, అక్కడికి వెళ్లండి. మామూలుగా డాక్టర్లు చీటీలో రాసే పూతమందులు బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రికి అడాపలీన్. మొదటిది 2.5 శాతం చాలు, 10 శాతం రాస్తే మంటే ఎక్కువ. తువ్వాలు రంగు కూడా పోతుంది, పాతది పెట్టుకోండి. అడాపలీన్ బఠాణీ గింజంత తీసి ముఖమంతా పలచగా రాయాలి, మొటిమ మీద బొట్టు పెట్టడం కాదు. గర్భిణులు ముట్టుకోకూడదు. మొదట్లో చర్మం పొట్టు లేస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, గుణం కనపడేది 8 నుంచి 12 వారాలకి. నల్లమచ్చలు నెలల మీద వాటంతటవే పలచబడతాయి, ఎండ తగిలితే ముదురుతాయి కాబట్టి పొద్దున ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. గుంటలు పడితే మాత్రం ఏ క్రీమూ పూడ్చలేదు.

అరండల్‌పేట అమ్మమ్మ: ముందు అద్దం ముందు నిలబడి గిల్లుకోవడం మానమను.

పటమట ఫార్మసిస్టు: ఆ మాటకి తిరుగులేదండీ.

బ్రాడీపేట బ్యాక్‌బెంచర్: అమ్మకి మొత్తం చదివి వినిపించా. బాదంపాలు ఆపింది. ఆవకాయ జాడీ ఇంకా అటక దిగలేదు.