నితీశ్ బ్యాటింగ్: మెల్‌బోర్న్ తర్వాత పది ఇన్నింగ్స్, 103 పరుగులు

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్_ఎండ్

మన ఆల్‌రౌండర్ నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ టెస్టులో 114 కొట్టింది 2024 డిసెంబర్‌లో. ఆస్ట్రేలియాతో ఆ సిరీస్‌లో దానికి ముందు చేసినవి 41, 38 నాటౌట్, 42, 42, 16. ఏడులోనో ఎనిమిదిలోనో దిగి, అవతల వికెట్లు రాలిపోతుంటే చేసిన పరుగులివి.

ఆ సెంచరీ తర్వాత టెస్టుల్లో వరసగా చూడండి. ఆస్ట్రేలియాలోనే 1, 0, 4. ఇంగ్లండ్‌లో 1, 1, 30, 13. ఢిల్లీలో వెస్టిండీస్ మీద 43. గువాహటిలో దక్షిణాఫ్రికా మీద 10, 0. పది ఇన్నింగ్స్ కలిపి 103. ఆ ఒక్క మెల్‌బోర్న్ ఇన్నింగ్స్ అంత కూడా లేదు.

"చిన్నవాడు, సర్దుకుంటాడు" అనే మాట వద్దు. "పీకేయండి" అనేదీ వద్దు. ఆట తెలిసినవాళ్లు చెప్పండి: తప్పు టెక్నిక్‌లో ఉందా, ఒంట్లో ఉందా, జట్టు వాడుకునే తీరులో ఉందా? ఏం సాధన చేస్తే బాగుపడుతుంది?

---

జవాబు 1: నెట్స్_వెనక

ముందు ఔటైన తీరు విడగొట్టి చూడాలి అన్నా. పదింటినీ ఒకే గాటన కడితే ఏమీ తేలదు.

ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టు మొదటి ఇన్నింగ్స్ తీసుకోండి. వాళ్ల పేసర్ వోక్స్ బంతికి నితీశ్ బ్యాట్ పైకెత్తి వదిలేశాడు. అది లోపలికి తిరిగి స్టంప్స్‌ని కొట్టింది. ఆస్ట్రేలియా పిచ్‌ల మీద గుడ్ లెంగ్త్ బంతి చాలాసార్లు స్టంప్స్ పైనుంచే పోతుంది. అందుకే అక్కడ లెంగ్త్, అంటే బంతి ఎంత దూరంలో పడిందో చూసి వదిలేయొచ్చు. ఇంగ్లండ్‌లో అంత లేవదు, పైగా అక్కడ వాడే డ్యూక్స్ బంతి సీమ్ (కుట్టు) మీద పడితే ఎటైనా తిరుగుతుంది. అక్కడ లైన్, అంటే బంతి స్టంప్స్‌కి ఎంత పక్కగా వస్తోందో చూసి వదలాలి. నాకు అర్థమైనంతలో, ఆస్ట్రేలియా లెక్కతో ఇంగ్లండ్ బంతిని వదలడమే అక్కడ జరిగిన పొరపాటు.

దీనికి సాధన సులువే, ఓపిక కావాలి. ఆఫ్‌స్టంప్ పక్కన బంతి మందం వదిలి నాలుగో స్టంప్ పాతాలి. బౌలర్ వైపు నుంచి, అంపైర్ నిలబడే చోట కెమెరా పెట్టాలి. 30 బంతులు సైడ్‌ఆర్మ్‌తో (బంతి విసిరే చేతికర్ర) వేయించాలి, మూడింట ఒకటి లోపలికి రావాలి, ఏది వస్తుందో ముందే చెప్పకూడదు. బ్యాటర్ ప్రతి బంతికీ "ఆడా" లేదా "వదిలా" అని పైకి అనాలి. తర్వాత వీడియోలో చూసుకుంటే, వదిలిన వాటిలో ఎన్ని నాలుగు స్టంప్స్‌లో దేన్నైనా తాకాయో తేలుతుంది. 30లో రెండుకి మించి తాకితే గార్డ్ (క్రీజులో నిలబడే చోటు) సరిచూసుకోవాలి. బంతి విడుదలయ్యే క్షణానికి తల ఆఫ్‌స్టంప్ మీదకి వచ్చి ఆగాలి. అప్పుడు కంటికి బయటగా కనబడేది నిజంగా బయటే. తల ఇంకా కదులుతుంటే ఆ అంచనా ప్రతి బంతికీ మారిపోతుంది.

గువాహటిది వేరే జబ్బు. దక్షిణాఫ్రికా పేసర్ యాన్సెన్ ఎడమచేతివాటం, ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. అతని బౌన్సర్ నుంచి నితీశ్ చేతులు తప్పించుకోలేకపోయాడు, మార్‌క్రమ్ ఎగిరి ఒంటిచేత్తో పట్టాడు. క్యాచ్ గొప్పదే, కానీ బంతి మీదకి వస్తుంటే చేతులు ఛాతీ ఎత్తులో ఉండిపోవడమే అసలు సమస్య. చేతులు కింద పడేసి కళ్లు బంతి మీదే ఉంచితే అది పైనుంచి పోతుంది. ఆ రోజు యాన్సెన్‌కి ఆరు వికెట్లు వచ్చాయి, బౌన్సర్‌కి దొరికింది నితీశ్ ఒక్కడే కాదని కూడా చెప్పాలి.

---

జవాబు 2: ఉప్పల్_నార్త్

పై జవాబులో టెక్నిక్ సంగతి ఒప్పుకుంటా. అసలు కారణం మాత్రం అది కాదు. 2025లో ఆ కుర్రాడికి వరసగా ఆడే వీలే దొరకలేదు.

జనవరిలో పక్కటెముకల కండరం పట్టేసి ఇంగ్లండ్ టీ20లకు దూరమయ్యాడు. జులైలో మోకాలు, చివరి రెండు టెస్టులు పోయాయి. వెస్టిండీస్‌తో అహ్మదాబాద్‌లో బ్యాటింగే రాలేదు. ఢిల్లీలో ఒక్కసారిగా ఐదో స్థానానికి పంపారు, 43 చేశాడు. తర్వాత తొడ కండరం. దక్షిణాఫ్రికాతో కోల్‌కతా టెస్టు ముందు భారత్-ఎ వన్డేలకని వదిలేసి, గువాహటికి మళ్లీ పిలిచారు. తెల్లబంతితో వన్డేలు ఆడుతున్నవాణ్ని తెచ్చి టెస్టుల ఎర్రబంతి ముందు నిలబెట్టారు.

ఇంకొకటి గమనించండి. లార్డ్స్ మొదటి రోజు బంతి చేతికివ్వగానే ఒకే ఓవర్లో ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్‌నీ క్రాలీనీ తీశాడు. ఆ టెస్టులోనే మొదటి ఇన్నింగ్స్‌లో 30 చేశాడు, చివరి రోజు జడేజాకి తోడుగా యాభైకి పైగా బంతులు నిలబడ్డాడు. లంచ్ ముందు వోక్స్ బంతికి కీపర్‌కి దొరక్కపోతే ఆ మ్యాచ్ ఎటు పోయేదో! మనం ఓడింది 22 పరుగులతోనే. అక్కడ అతని డిఫెన్స్‌లో నాకు పెద్ద లోపం కనబడలేదు. బౌలింగ్‌లో చేతినిండా పని ఉన్నప్పుడు బ్యాటింగ్‌లోనూ కుదురుగా ఉన్నాడు. స్వదేశంలో స్పిన్ పిచ్‌ల మీద నాలుగైదు ఓవర్లు వేయించి పక్కన పెడితే, వచ్చిన ఒక్క బ్యాటింగ్ అవకాశం మీదే బరువంతా పడుతుంది.

---

జవాబు 3: రెడ్‌చెర్రీ

ఆల్‌రౌండర్‌కి ఇలాంటి కరువు కొత్తేం కాదు. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ స్టోక్స్‌నే చూడండి. 2023 జులైలో లార్డ్స్‌లో 155 కొట్టాక, మళ్లీ టెస్ట్ సెంచరీ 2025 జులైలో మాంచెస్టర్‌లో మన మీదే. మధ్యలో రెండేళ్లు. 2024లో ఇక్కడికొచ్చినప్పుడు హైదరాబాద్‌లో 70, విశాఖలో 47 చేసినా, ఐదు టెస్టుల సగటు 20 దాటలేదు. మోకాలి ఆపరేషన్ వల్ల ధర్మశాల దాకా బంతి పట్టలేదు. అదే మనిషి 2025 సిరీస్‌లో 17 వికెట్లు తీశాడు, మాంచెస్టర్‌లో ఐదు వికెట్లూ సెంచరీ ఒకే మ్యాచ్‌లో చేశాడు. అప్పుడు ఒళ్లు సహకరించింది, బౌలింగ్ ముందు దారిలో పడింది, బ్యాటింగ్ దాని వెనకే వచ్చింది.

అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. స్టోక్స్ కెప్టెన్, వెనక పదేళ్ల రికార్డు ఉంది. నితీశ్‌కి అంత గడువు ఎవరూ ఇవ్వరు.

---

జవాబు 4: పవర్‌ప్లే_పాపారావు

ఐపీఎల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2024లో సన్‌రైజర్స్‌కి 303 పరుగులు, స్ట్రైక్‌రేట్ 143కి దగ్గర. 2025లో 182, స్ట్రైక్‌రేట్ 119 దగ్గర. పొట్టి ఆటలోనూ తగ్గాడంటే యాన్సెన్ బౌన్సర్ ఒక్కటే కారణం కాదు.

పక్కటెముకల కండరం గాయం ఎక్కడ వస్తుందో చూస్తే కొంత అర్థమవుతుంది. పేసర్లకి అది బంతి వేసే చేతికి ఎదురు పక్కన వస్తుంది. కుడిచేతి బౌలర్‌కి ఎడమ పక్క. కుడిచేతి బ్యాటర్‌గా పుల్ చేసినా, మిడ్‌వికెట్ మీదుగా లేపినా మెలిక పడేది ఆ నడుము కండరాల మీదే. గాయం మానినా కొన్నాళ్లు ఒళ్లు వెనకాడుతుంది. నడుము పూర్తిగా తిరగక చేతులతోనే కొడితే, స్టాండ్స్‌లో పడాల్సిన బంతి బౌండరీ దగ్గరుండే లాంగాన్ ఫీల్డర్ చేతిలో పడుతుంది. నితీశ్‌కి ఇదే జరిగిందని నేను తేల్చి చెప్పను. ఆ గాయం నుంచి లేచిన ఎవరికైనా ఫిజియో చూడాల్సిన మొదటి విషయం మాత్రం ఇదే.

---

స్టీల్‌ప్లాంట్_ఎండ్

అందరికీ ధన్యవాదాలు. రెండు అడగాలి. ఆంధ్రకి రంజీ ఆడిస్తే ఏ స్థానంలో దింపాలి? బౌన్సర్ సాధనకి గ్రానైట్ పలక వాడతారు కదా, అది నిజంగా పనికొస్తుందా?

---

జవాబు 5: నెట్స్_వెనక

రంజీలో నాలుగు లేదా ఐదు. ఏడులో దింపితే టెయిల్‌తో, అంటే చివర్లో దిగే బౌలర్లతో కలిసి తొందరపడటం తప్ప ఇంకేం దొరకదు. ఇతను గంటలకొద్దీ ఆడగలిగినవాడే. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఆంధ్ర అండర్-16కి 1237 పరుగులు, నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. మెల్‌బోర్న్‌లోనూ 189 బంతులు ఆడాడు, వాషింగ్టన్ సుందర్‌తో ఎనిమిదో వికెట్‌కి 127 జోడించాడు. వరసగా మూడు నాలుగు మ్యాచ్‌లు, ఇన్నింగ్స్‌కి వంద బంతులు లక్ష్యంగా ఆడితే చాలు, పరుగుల లెక్క తర్వాత. నెట్స్‌లోనూ వరస మార్చాలి: ముందు ఆరు ఓవర్లు బౌలింగ్, పది నిమిషాలు విరామం, ఆ అలసటతోనే 36 బంతుల బ్యాటింగ్. మ్యాచ్‌లో ఆల్‌రౌండర్‌కి ఎదురయ్యేది ఈ స్థితే, తాజా కాళ్లతో గంట బ్యాటింగ్ చేస్తే ఆ అలవాటు రాదు.

గ్రానైట్ పనికొస్తుంది, హద్దులో వాడితే. నునుపు పక్క పైకి పెట్టి, స్టంప్స్‌కి పది మీటర్ల దగ్గర పరిచి, నీళ్లు చల్లాలి. తోలు బంతి కాకుండా గట్టి ప్లాస్టిక్ బంతి లేదా తడిపిన టెన్నిస్ బంతి వాడాలి. హెల్మెట్, ఛాతీ గార్డ్ తప్పనిసరి. విసిరే మనిషి బల్ల మీద నిలబడితే యాన్సెన్ ఎత్తు వస్తుంది. కుడిచేతి బ్యాటర్‌కి ఎడమచేతి పేసర్ కోణం కావాలి గనక స్టంప్స్‌కి నడిమధ్య నుంచి కాకుండా రెండడుగులు పక్కకి జరిగి విసరాలి. పూటకి 24 బంతులు మించొద్దు.

చిక్కేంటంటే, రాయి మీద బంతి జారి దూసుకొస్తుంది, పిచ్ మీద కాస్త పట్టి లేస్తుంది. రాయికే అలవాటుపడితే బ్యాటర్ ముందే వంగిపోతాడు, అప్పుడు తక్కువ లేచిన బంతి హెల్మెట్‌కి తగులుతుంది. అందుకే 24 అయ్యాక వెంటనే మామూలు పిచ్ మీద మరో 12 ఆడించాలి. అందులో నాలుగు యార్కర్లో ఫుల్ బంతులో కలపాలి, లేకపోతే బరువంతా వెనక కాలి మీదే ఉండిపోతుంది.