ఏడు ఎత్తుల్లో ముగిసిన ఆట: తప్పు నాలుగో ఎత్తులోనా, అయిదో ఎత్తులోనా?

ప్రశ్న (అన్నానగర్, చెన్నై):
మా అబ్బాయి ఆన్‌లైన్‌లో తెల్లపావులతో ఆడిన చదరంగం ఆట ఇది (ప్రతి అంకెలో మొదటి ఎత్తు తెల్లది, రెండోది నల్లది; ఈ4 వంటివి గళ్ల పేర్లు). 1. ఈ4, ఈ5, 2. గుర్రం ఎఫ్3, గుర్రం సీ6, 3. శకటం సీ4, గుర్రం డీ4, 4. గుర్రం ఈ5 బంటును చంపింది, మంత్రి జీ5, 5. గుర్రం ఎఫ్7 బంటును చంపింది, మంత్రి జీ2 బంటును చంపింది, 6. ఏనుగు ఎఫ్1, మంత్రి ఈ4 బంటును చంపి చెక్, 7. శకటం ఈ2, గుర్రం ఎఫ్3, చెక్‌మేట్. ఊరికే దొరికిన ఈ5 బంటుకు ఆశపడటమే తప్పని వాడంటున్నాడు. మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరించిన అయిదో ఎత్తు మాత్రం నాకు బాగానే కనిపిస్తోంది. ఆట అసలు ఎక్కడ చేజారిందో పెద్దలు వివరించగలరా?

జవాబు (పెరంబూరు):
నాలుగో ఎత్తు పొరపాటే గాని, ఆట అక్కడితో పోలేదండీ. మంత్రి జీ5కు రాగానే ఈ5 గుర్రం, జీ2 బంటు రెండూ దాడిలో పడతాయి. గుర్రాన్ని జీ4కు తప్పిస్తే నల్లబంటు డీ5కు వచ్చి, వెనకున్న శకటానికి దారి ఇచ్చి, ఆ గుర్రానికీ మన శకటానికీ ఒకేసారి ఎసరు పెడుతుంది. అందువల్ల ఎఫ్7 బంటును గుర్రంతో కాక శకటంతో చంపి చెక్ చెప్పాలి, రాజు కదలగానే క్యాస్లింగ్ (రాజును రెండు గళ్లు పక్కకు జరిపి ఏనుగును దాని అవతలికి తేవడం) చేయాలి. మంత్రి ఈ5 గుర్రాన్ని చంపుతుంది, మన శకటం జీ8 గుర్రాన్ని చంపి తానూ పోతుంది. లెక్కకు ఒక పావు తక్కువైనా రెండు బంట్లు దక్కుతాయి, నల్లరాజుకు ఇక క్యాస్లింగ్ ఉండదు, సీ3, డీ4లతో కేంద్రమూ మన చేతికొస్తుంది. మీకు నచ్చిన అయిదో ఎత్తు జీ2ను గాలికి వదిలేసింది. ఆ బంటే ఉండి ఉంటే ఎఫ్3కు దూకిన గుర్రాన్ని చంపేది.

జవాబు (మైలాపూరు):
పైవారి విశ్లేషణ సరైనదే, కానీ పిల్లవాడికి అంత చిక్కుదారి ఎందుకు? ఆరంభంలోనే ఒకే గుర్రాన్ని రెండుసార్లు కదిపిన నల్లపావుల మూడో ఎత్తే బలహీనమైనది. గుర్రంతో ఆ గుర్రాన్ని చంపి, బంటు తిరిగి చంపాక క్యాస్లింగ్ చేస్తే చాలు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ఆటగాడు బ్లాక్‌బర్న్ ఈ5 బంటును ఎరవేసే ఈ వలతో పందెంలో షిల్లింగులు (అప్పటి ఇంగ్లండ్ నాణేలు) గెలిచేవాడని చెప్పుకొంటారు గాని, ఆయన దీన్ని ఆడినట్టు నమోదైన ఆట ఏదీ లేదు. మీవాడు నల్లపావులతో దీన్నే ప్రయోగిస్తానంటే దయచేసి ఆపండి.

ప్రశ్న (అన్నానగర్):
ధన్యవాదాలు. ఏడో ఎత్తులో శకటానికి బదులు మంత్రిని ఈ2లో అడ్డం పెట్టి ఉంటే?

జవాబు (పెరంబూరు):
చెక్‌మేట్ తప్పేది, మంత్రి పోయేది. పైగా మంత్రిని చంపిన గుర్రాన్ని చంపడానికి శకటం సీ4 నుంచి ఈ2కు దిగితే, ఎఫ్7 గుర్రానికి ఉన్న అండ పోయి దాన్ని నల్లరాజే చంపేస్తాడు.