ఎస్వీ రంగారావుకు పద్మశ్రీ రాకపోవడం అన్యాయమా, కాదా?

శేషాచలం:
నిన్న రాత్రి తిరుపతి మహతి ఆడిటోరియంలో పద్యనాటకం చూసి బయటికొచ్చి టీ తాగతా ఉంటే మాటా మాటా పెరిగింది. కీచకుడి వేషం కట్టిన ఆయన బాగానే చేసినాడు. కానీ ఆ నడకంతా ఎస్వీఆర్‌దే. తల కొంచెం వెనక్కి, అడుగు నిదానంగా, చూపు మాత్రం ముందే పోయి ఆడమనిషి మీద వాలుతుంది. అరవై ఏండ్లయినా వేషగాళ్ళు అరువు తెచ్చుకుంటా ఉండే నటుడికి దేశం ఏమిచ్చిందిరా అన్నా. "ఇయ్యకపోతే ఏం, జనం గుర్తు పెట్టుకోలేదా" అన్నాడు మా జతగాడు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండేది.

నా వాదన ఇది. 1963లో నర్తనశాల వచ్చింది, అందులో కీచకుడు ఎస్వీఆరే. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఎస్వీఆర్‌ను ఉత్తమ నటుడన్నారు. తెలుగు ముక్క రానోళ్ళు, విరాటపర్వం అంటే ఏందో తెలీనోళ్ళు గుర్తించినారు. మన ఢిల్లీ మాత్రం అదే పాత్రకు నేషనల్ అవార్డు ఇవ్వలే. పద్మశ్రీ ఇవ్వలే. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇవ్వలే. 1974 జులై 18న మద్రాసులో 56 ఏండ్లకే పోయినాడు. ఇది అన్యాయం కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రాండి.

పుత్తూరు కట్టు:
అన్నా, ఇండోనేషియా వాళ్ళకు భారతం తెలీదని నీకెవరు చెప్పింది? వాళ్ళ తోలుబొమ్మలాట, వయాంగ్ అంటారు, తెల్లవార్లూ ఆడేది భారత రామాయణాలే. భీముడు కీచకుణ్ణి ఏం చేస్తాడో మనకన్నా వాళ్ళకే ముందు తెలుసేమో. మిగతాదంతా ఒప్పుకుంటా.

రిటైర్డు హిస్టరీ సారు:
శేషాచలం, ఆవేశం బాగుంది గానీ తారీఖులు చూసుకో నాయనా. 1963 సినిమాలకు నటుడికిచ్చే జాతీయ అవార్డే లేదు. 1954 నుంచి ఇస్తా వచ్చింది సినిమాలకు: రాష్ట్రపతి పతకమో, ప్రశంసాపత్రమో. నటుడికీ నటికీ విడిగా ఇవ్వడం 1967 సినిమాలతో మొదలైంది. మొదటిసారి తీసుకున్నది ఉత్తమ్ కుమార్, నర్గీస్. కాబట్టి కీచకుడికి ఢిల్లీ ఎగ్గొట్టింది అనే మాట నిలవదు.

ఇంకా విను. సహాయ నటుడు అని విడిగా అవార్డు పెట్టింది 1984 సినిమాలకు, అంటే ఎస్వీఆర్ పోయిన పదేండ్లకు. మన రాష్ట్రం నంది 1964 సినిమాలతో మొదలైనా, ఉత్తమ నటుడు అని ఇవ్వడం 1977లో, కృష్ణంరాజుతో మొదలు. ఎస్వీఆర్ సొంతంగా డైరెక్షన్ చేసిన చదరంగానికీ, బాంధవ్యాలకూ నందులు వచ్చినాయి చూడు. సినిమాకు ఉంది కాబట్టి వచ్చింది, నటుడికి లేదు కాబట్టి రాలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గదా, ఇక్కడ అసలు బంతే వేయలేదు.

ఆయనకు దొరికింది 1967 నుంచి ఏడేండ్లు. ఆ ఏడేండ్లలో వేసింది ఎక్కువగా తండ్రులు, తాతలు, జమీందార్లు, రావణుడు. ఉత్తమ నటుడంటే హీరో అని లెక్కగట్టే రోజులవి.

తాతయ్యగుంట:
సార్ చెప్పింది కరెక్ట్. హీరోలకే దిక్కు లేదు. ఎన్టీఆర్‌కు నేషనల్ బెస్ట్ యాక్టర్ రాలే, ఏఎన్నార్‌కు రాలే. ఒక తెలుగు హీరోకు అది రావడానికి 2021 సినిమా పుష్ప దాకా పట్టింది, అనౌన్స్ చేసింది 2023లో. అదీ మన శేషాచలం కొండల ఎర్రచందనం కథకు, మన చిత్తూరు యాసకు! ఆ రోజు మా వీధిలో టపాకాయలు కాల్చినాం. కాబట్టి ఎస్వీఆర్ ఒక్కడికే అన్యాయం అనడం ఎచ్చులు.

పుత్తూరు కట్టు:
టపాకాయలు కాల్చుకో తమ్ముడూ, అల్లు అర్జున్ కష్టపడినాడు, కాదనను. కానీ అది మన యాస అనబాక. మా అమ్మ ఆ సినిమా చూసి "ఆ పిల్లోడిది ఏ ఊరు?" అనింది.

కుప్పం బార్డర్:
మాది మూడు రాష్ట్రాలు కలిసే చోటు, కాబట్టి అరవం వైపు నుంచి ఒక మాట. శివాజీ గణేశన్‌కు కూడా నేషనల్ బెస్ట్ యాక్టర్ రాలేదు. 1960లో కైరోలో ఆఫ్రో-ఏషియన్ అవార్డు మాత్రం వచ్చింది. మీ ఎస్వీఆర్ కథే, ఊరు మారిందంతే. అక్కడ ఢిల్లీ అవార్డు 1971లో ఎంజీఆర్‌కు పోయింది, ఆ గొడవ మా ఊరి టీ కొట్లో ఇంకా నడస్తానే ఉండాది. అయితే శివాజీ బతికి ఉండాడు కాబట్టి ఫాల్కే అందుకున్నాడు. ఎస్వీఆర్‌కు ఆయుస్సు చాలలే.

ఇంకొకటి. మా అవ్వకు తెలుగు అంతంతమాత్రం. పడిక్కాద మేదై అని 1960 నాటి అరవ సినిమా, అందులో శివాజీ పనోడు, ఎస్వీఆర్ యజమాని. టీవీలో ఎప్పుడొచ్చినా అవ్వ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేది. ఒకసారి "ఆయన మన తెలుగాయన అవ్వా, నూజివీడులో పుట్టినాడు" అని చెప్పినా. "పోరా, ఆయన మా వాడు" అని నా మీదికే లేచింది. రెండు భాషల వాళ్ళూ సొంతం అనుకున్నారు. అవార్డు కోసం నిలబడి అడగాల్సి వచ్చేసరికి ఆయన పక్కోళ్ళ మనిషైపోయినాడేమో అని నాకు అనుమానం.

బైరాగిపట్టెడ అక్క:
మగోళ్ళంతా నేషనల్ అవార్డు చుట్టూనే తిరగతా ఉండారు. శేషాచలం పెట్టిన ప్రశ్న పద్మశ్రీ గురించి. సారూ, మీ తారీఖులు మీకే చూపిస్తా.

పద్మశ్రీకి హీరో, సహాయ నటుడు అని వరసలు లేవు. 1954 నుంచి ఉంది. దక్షిణాది నటుల్లో మొదట తీసుకున్నది మన చిత్తూరు నాగయ్య, 1965లో. తర్వాత 1968లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరికీ. 1970లో రేలంగికి. రేలంగి హాస్యనటుడు కదా, మరి హీరో అయితేనే అనే సాకు ఏమైంది? 1977లో గుమ్మడికి ఇచ్చినారు. ఆయన వేసిందీ తండ్రులు తాతలే. జకార్తా అవార్డు తర్వాత ఎస్వీఆర్ బతికుండగా 1965 నుంచి 1974 దాకా పది రిపబ్లిక్ డేలు వచ్చినాయి. ఒక్క దాంట్లోనూ పేరు లేదు.

మా వీధిలో ఎడమింటికీ కుడింటికీ పెండ్లిపత్రిక ఇచ్చి, మధ్యింటోళ్ళను మరిచిపోయినాం అంటే ఎవరైనా నమ్ముతారా?

రిటైర్డు హిస్టరీ సారు:
మంచి దెబ్బే కొట్టినావమ్మా. ఒక్క మాట మాత్రం. పద్మ పురస్కారాలకు పేర్లు రాష్ట్రాల నుంచి, కేంద్ర శాఖల నుంచి పోవాలి. ఇప్పుడైతే ఎవరైనా ఆన్‌లైన్‌లో పంపొచ్చు, అప్పుడు అట్ల కాదు. ఎస్వీఆర్ కాపురం మద్రాసు, పేరు తెలుగు. ఏ రాష్ట్రం పంపాలి? ఇద్దరి మధ్యలో పడిపోయి ఉండొచ్చు.

బైరాగిపట్టెడ అక్క:
నాగయ్య కాపురం యాడ సారూ? రేలంగిది? ఎన్టీఆర్‌ది? అందరూ మద్రాసులోనే కదా ఉండింది.

రిటైర్డు హిస్టరీ సారు:
సరే. ఆ వాదన వాపసు తీసుకుంటా. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళ చేత తప్పు ఒప్పించినా, ఈ రోజు నా వంతు.

తాతయ్యగుంట:
అక్కా, ఇప్పుడు ఇవ్వమని అడగొచ్చు కదా? ఆన్‌లైన్‌లో అందరం పంపిద్దాం.

బైరాగిపట్టెడ అక్క:
పద్మ మామూలుగా పోయినోళ్ళకు ఇవ్వరు తమ్ముడూ. ఇటీవలే పోయినోళ్ళయితే మినహాయింపు ఇస్తారు. గాయకుడు ఎస్పీ బాలుగారు 2020 సెప్టెంబర్‌లో పోతే 2021 జనవరిలో పద్మవిభూషణ్ వచ్చింది, అట్లాంటివి. యాభై ఏండ్ల కిందట పోయినాయనకు ఇప్పుడు అడగడం ఉత్తమాటే. భారతరత్న అయితే వేరే, ఎంజీఆర్‌కు 1988లో, పీవీకి 2024లో పోయినాకే ఇచ్చినారు. కానీ దానికి ఎన్టీఆర్ అభిమానులే ఎన్నో ఏండ్లుగా లైన్లో నిలబడి ఉండారు. ఆయన 1983లో మన తిరుపతి నుంచి గెలిచిన మనిషి, ముందు ఆయనకే రానీ.

ఎస్వీఆర్‌కు దక్కింది తపాలా బిళ్ళ. 2013లో భారతీయ సినిమాకు నూరేండ్లని 50 మందికి వేసినారు, అందులో ఆయనొకడు.

కట్టమంచి:
నాగయ్య పేరు వచ్చింది కాబట్టి చిత్తూరోడిగా మాట్లాడతా. ఆయన పుట్టింది గుంటూరు జిల్లా అయినా, ఇక్కడి రామవిలాస సభలో నాటకాలాడి ఆడి పేరు ముందర చిత్తూరు తగిలించుకున్నాడు. ఆయన పేరుతో ఉండే కళాక్షేత్రం ముందర నుంచే రోజూ నేను డ్యూటీకి పోతా. పోతన, త్యాగయ్య, వేమన, ముగ్గురినీ ఆయన మొహంతోనే చూసుకున్నారు జనం. పద్మశ్రీ వచ్చింది కదా, ఏమైంది? చివరి రోజుల్లో చేతిలో డబ్బు ఆడలే. 1973లో పోయినాడు. బిళ్ళ ఇంట్లో ఉంటే పొయ్యి వెలగదు. అందుకే నేను శేషాచలం జతగాడి పార్టీ. జనం గుర్తు పెట్టుకున్నారు, చాలు.

శేషాచలం:
కట్టమంచీ, అది వేరే బాధ. నాగయ్యకు డబ్బు ఆడలేదని ఎస్వీఆర్‌కు గౌరవం అక్కర్లేదంటే ఎట్ల?

సావిత్రి పేరు ఎవరూ ఎత్తలేదేం? మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలోకి మారతాడు కదా. ఆ ముక్కంతా సావిత్రి చేసేది ఎస్వీఆర్‌నే. ఆడపిల్ల ఒంట్లో ఆయన నడక, ఆయన కండ్లు తిప్పడం, మరిచిపోయి మీసం మెలెయ్యబోవడం. అంత గొప్ప నటి ఇంకొక నటుణ్ణి వేషంగా వేసుకునింది. సావిత్రికీ పద్మశ్రీ లేదు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డిగారికి ఫాల్కే వచ్చింది, 1986ది. ఆయనకు రాకూడదని కాదు, రావాల్సిందే. కానీ పాతాళభైరవి మాంత్రికుడూ, మాయాబజార్ ఘటోత్కచుడూ లేకుండా నాగిరెడ్డిగారి విజయా సంస్థ గోడ మీద ఏం మిగులుతుందో చెప్పు.

తాతయ్యగుంట:
కైకాల సత్యనారాయణ కూడా. ఎస్వీఆర్ పోయినాక యముడు, దుర్యోధనుడు, రావణుడు అన్నీ ఆయన భుజాల మీదే పడినాయి. 2022 డిసెంబర్‌లో పోయినాడు, పద్మ లేకుండానే.

రిటైర్డు హిస్టరీ సారు:
ఇప్పుడు నాకొక సంగతి కనబడతా ఉంది. ఎస్వీఆర్, కైకాల, ఇద్దరూ రాక్షస వేషాలు కట్టినవాళ్ళు. దేవుడి వేషం కట్టినవాళ్ళకు, భక్తుడి వేషం కట్టినాయనకు, నవ్వించినాయనకు వచ్చినాయి. ఇది రుజువు కాదు, ఊరికే చెప్తాండా. రెండు పేర్లు చూసి సూత్రం కట్టకూడదని నేనే పిల్లోళ్ళకు చెప్పేవాణ్ణి.

కుప్పం బార్డర్:
సారూ, రిటైరైనాక సూత్రాలు కట్టొచ్చులే.

పుత్తూరు కట్టు:
కట్టమంచి అన్న "జనం గుర్తు పెట్టుకుంటే చాలు" అన్నాడు కాబట్టి ఒక సంగతి చెప్తా.

మా పక్క పల్లెలో ద్రౌపదమ్మ గుడి కాడ ఏటా భారతం జరగతాది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. ఆఖరు నాడు పొద్దున దుర్యోధన వధ. మట్టితో దుర్యోధనుణ్ణి నేల మీద పడుకోబెట్టి ఉంటారు, ఇంటి పొడుగు. దుర్యోధనుడి వేషం కట్టే ఆయన పగటిపూట ఇండ్లకు సున్నం కొడతాడు. రాత్రంతా ఆడి, మొహం మీద రంగు ఎండి పగుళ్ళిచ్చి, గొంతు పూర్తిగా పోయి ఉంటుంది. ఆ స్థితిలో బొమ్మ చుట్టూ తిరగతా భీముణ్ణి సవాలు చేస్తాడు చూడండి, చంకలో పిల్లోడు కూడా ఏడుపాపేస్తాడు.

చదివింపులు అప్పుడే. మైకులో పేరు పిలుస్తారు, ఫలానా ఆయన 116 రూపాయలు అని. పిలిచేది ఇచ్చినాయన పేరు. ఒక ఏడు నేను 116 ఇచ్చి, నా పేరొద్దు, వేషం కట్టినాయన పేరు చదవమన్నా. మైకు పట్టుకున్నాయన చేయి అడ్డం పెట్టి పక్కోణ్ణి అడిగినాడు, "ఆయన పేరేందిరా?" అని. పదైదేండ్లుగా అదే గుడి కాడ అదే వేషం కడతా ఉండాడు. ఊరంతా "దుర్యోధనుడు" అనే పిలుస్తారు. గుర్తు పెట్టుకోలేదా అంటే పెట్టుకున్నారు.

మొత్తానికి పేరు కనుక్కొని చదివినారు. వధ అయిపోయినాక ఆయన గడ్డం కింద రంగు తుడుచుకుంటా నా దగ్గరికొచ్చినాడు. గొంతు రాక గుసగుసగా, "సామీ, ఇంకోసారి చదవమని చెప్తావా? మా ఇంటామె వినలేదంట, నీళ్ళకు పోయిందంట" అన్నాడు.

కట్టమంచి:
...చదివించినావా?

పుత్తూరు కట్టు:
చదివించినా. ఇంకో 116 తీసుకున్నారు.

శేషాచలం:
నా మొదటి పోస్టులో నేషనల్ అవార్డు మాట, జకార్తా వాళ్ళకు భారతం తెలీదన్న మాట రెండూ వాపసు తీసుకుంటా. పద్మశ్రీ మాట మాత్రం అట్లే పెడతా.