మైక్రోస్కోప్ ఉన్న గదికి ఏ గ్యాస్ పెట్టాలి?

కల్చర్‌గది: మా సెల్ కల్చర్ (కణాలు పెంచే) గదికి ఫంగస్ పట్టింది. గదంతా గ్యాస్‌తో శుభ్రం చేయాలి. ఇంక్యుబేటర్లు, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ (లేజర్‌తో చూసేది) లోపలే ఉన్నాయి, కదిపితే దాని అలైన్‌మెంట్, అంటే లోపలి అమరిక, పోతుంది. ఏది వాడితే పాడవకుండా ఉంటాయి?

సైకిల్‌బాబాయ్: హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి. చివరికి మిగిలేది నీళ్లు, ఆక్సిజన్. ఇందులో చర్చేముంది?

తుప్పుభయం: చాలా ఉంది మాస్టారూ. అది మరిగేది 150 డిగ్రీల దగ్గర, కాబట్టి చల్లటి లోహం కనబడితే పొరలా పేరుకుంటుంది. ఆ పొరలో పెరాక్సైడ్ గాఢత ఎక్కువ. నైలాన్, అట్టపెట్టెలు పీల్చేసుకుని తర్వాత నెమ్మదిగా వదులుతుంటాయి. క్లోరిన్ డయాక్సైడ్ 11 డిగ్రీలకే మరుగుతుంది, గదిలో అసలైన గ్యాస్‌గానే ఉంటుంది, మూలమూలకీ వెళ్తుంది.

సైకిల్‌బాబాయ్: దానికి 65-75 శాతం తేమ కావాలని చెప్పలేదేం? ఆ తేమలో మామూలు ఇనుము, రాగి ఏమవుతాయో మీ పేరే చెబుతోంది. 2001లో ఆంత్రాక్స్ క్రిములు పెట్టిన ఉత్తరాలు వచ్చాక అమెరికా సెనేట్ వాళ్ల హార్ట్ భవనంలో వాడారు నిజమే, కానీ అది ఆఫీసు గది, కాన్ఫోకల్ గది కాదు.

దారినపోయేవాడు: ఫార్మాలిన్ రోజులే నయం. ఒక్క మెషీనూ పాడవలేదు.

కల్చర్‌గది: ఫార్మాలిన్ పట్టించాక మిగిలే ఆ తెల్ల పొడి ఎవరు తుడవాలి? పైగా క్యాన్సర్ తెచ్చే సరుకు.

తుప్పుభయం: ఆఫీసు గదే అంటున్నారుగా, నా సంగతి వినండి. పెరాక్సైడ్ సైకిళ్లు (ఒక్కో విడత ఆవిరి పట్టించడం) కొట్టించాక మా బ్యాలెన్స్, అంటే ల్యాబ్ తూకం యంత్రం, వెనక కనెక్టర్‌లో రెండు పిన్నులు పచ్చబడ్డాయి. సరిగ్గా ఆ రెండే.

సైకిల్‌బాబాయ్: ముందు గది ఆరబెట్టకుండా కొట్టి ఉంటారు. తప్పు మీ సైకిల్‌ది.

తుప్పుభయం: నా సైకిలా? కొట్టింది బయటివాళ్లు! ‘అన్ని పరికరాలకూ సరిపోతుంది’ అని కాగితం ఇచ్చారు. చూస్తే స్టీలు ముక్క మీద, అదీ ఒక్కసారి చేసిన పరీక్ష. నా బ్యాలెన్స్‌లో సోల్డర్ ఉంది, రబ్బరు సీలు ఉంది, మేం ఏడాదికి నాలుగుసార్లు కొట్టిస్తాం. పాడయ్యాక సంజాయిషీ మాత్రం నేనే రాసుకున్నా.

సైకిల్‌బాబాయ్: ...నేను చేసేదీ ఆ కాగితాలు రాసే పనే. ప్రతి మోడల్ విప్పి పరీక్షించమంటే ఎవరివల్లా కాదు.

తుప్పుభయం: అదీ సంగతి! ఇందాకట్నుంచి గ్యాస్ పేరు చెప్పుకుని కొట్టుకుంటున్నాం, అసలు గొడవ ఆ కాగితాలది.

కల్చర్‌గది: అయ్యా, ఇద్దరూ ఒక్క నిమిషం. మైక్రోస్కోప్ ఆన్‌లో ఉంచాలా, ఆపాలా?

సైకిల్‌బాబాయ్: ఆన్‌లో ఉంటే వెచ్చగా ఉంటుంది, పొర పట్టదు.

తుప్పుభయం: ఫ్యాన్ తిరుగుతుంటే ఆవిరి అంతా లోపలికి పీలుస్తుంది, ఆపండి.