జొన్నకలా, జొన్నగంజా?

పాళీ: ధమనుల్లో పూడిక మీద వ్యాసం రాస్తున్నాను. 1904లో జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ మార్షాండ్ దానికి అథెరోస్క్లెరోసిస్ అని పేరు పెట్టాడు కదా, అందులో 'అథెరే' అంటే గ్రీకులో జావ. మనం 'ధమనీకాఠిన్యం' అని జావని వదిలేశాం. ఆ జావకి మాట వెతుకుతుంటే, పల్నాట్లో జొన్న తప్ప తిండి లేదని శ్రీనాథుడు వెక్కిరించిన చాటువు బుర్రలో తిరుగుతోంది. "జొన్నగంజి జొన్నయంబలి" అనేనా?

గురులఘువు: గంజి పడదండీ. అది కందం, గణానికి 4 మాత్రలే. "జొన్నగం" దగ్గరే 5 మాత్రలైపోతాయి. "జొన్నకలి" అనే ఉండాలి. అప్పుడు రెండో గణం "లిజొన్న" జగణమే (లఘువు, గురువు, లఘువు), కందంలో అది బేసి స్థానంలోనే కూడదు, ఇది సరి స్థానం కాబట్టి దోషం లేదు.

పల్నాటి పిల్లోడు: శ్రీనాథుడిదని చెప్పుకుంటారంతే. మా ఊరిని తిట్టిన పద్యం మాకు గుర్తు చెయ్యాలా! కలి అంటే పులిసిన పల్చటి నీళ్లు. ధమనిలో ఉండేది ముద్ద. అంబలి అనండి.

తెల్లకోటు: పల్చగా మొదలై ముద్దవుతుంది మాస్టారూ. ధమని చీలే మలుపుల్లో నెత్తురు సాఫీగా పారదు. అక్కడ చెడ్డ కొలెస్ట్రాల్ లోపొర కిందకి చేరి పాడవుతుంది. అప్పుడు ఆ పొర కణాలు ఉత్తరేణి గింజల్లా అంటుకునే అణువులు బయటపెడతాయి. దారిన పోయే మోనోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, వాటి మీద దొర్లి, అతుక్కుని, సందులోంచి లోపలికి దూరతాయి. కొవ్వు మింగి మింగి నురుగు కణాలై, అక్కడే చస్తాయి. ఆ శిథిలమే మీ జావ.

గురులఘువు: నురుగా, నురగా?

తెల్లకోటు: రెండూ చెల్లుతాయి, ఇప్పుడది వద్దు.

పాళీ: అయితే కలే సరైంది! మా అమ్మమ్మ కలికుండ ఎప్పుడూ ఖాళీ చేసేది కాదు. పొద్దున్నే వార్చిన గంజి అందులో పోసేది, పాత పులుపే కొత్తదాన్ని పులియబెట్టేది. ఇక్కడా చచ్చిన కణాలు వాపు పెంచి కొత్తవాటిని పిలుస్తాయి కదా.

పల్నాటి పిల్లోడు: దాన్ని మేం తరవాణి అంటాం. కలి వేరు.

గురులఘువు: వేరు కాదు. ప్రాంతం వేరు.

తెల్లకోటు: పైన నునుపు కండర కణాలు పీచుమూత కూడా కడతాయి. అది చిరిగితే గుండెపోటు రావచ్చు. మీ కుండకి మూత ఉందా?

పాళీ: ఉండేది, సత్తుది. పద్యం వెతికితే దొరికింది, కలే. కానీ అందులో "జొన్నన్నము" పక్కనే "జొన్నపిసరు" కూడా ఉంది. పిసరంటే ఏమిటి, వంటకమా?

పల్నాటి పిల్లోడు: కొంచెం అని కదా?

గురులఘువు: అన్నం పక్కన కొంచెం అని ఎలా అన్వయిస్తావు నాయనా?